దారం చుట్టిన తుపాకి

వేరుశనగకు ఊడలు దిగుతున్న రోజుల్లో నాకు తుపాకి లైసెన్సు వచ్చింది. అర్జీ పెట్టి అప్పటికి మూడేళ్ళు దాటింది. కాగితం మీద నా ఫొటో, దాని పక్కన ‘పంట రక్షణ కొరకు’ అన్న ముక్క. ఒక్క తుపాకికే అనుమతి. గడువులోగా కొని, దాని నంబరు లైసెన్సులో ఎక్కించుకోవాలి.

మా చేను విడవలూరుకు తూర్పున, సముద్రానికి మైలు దూరంలో ఉంది. ఇసుక నేల. ఒక పక్క సరుగుడు తోట, ఇంకో పక్క చిల్లకంప. అడవిపందులు పగలంతా ఆ కంపలో పడుకుని, పొద్దు వాలగానే చేలో దిగుతాయి. ఒక మంద దిగిపోయిందంటే అర ఎకరం నాగలితో దున్నినట్టుంటుంది, కాయ ఒక్కటీ మిగలదు. వాటిని చంపకూడదు. చంపాలని నాకూ లేదు. తుపాకి చప్పుడు ఒక్కసారి వింటే వారం పాటు ఆ దిక్కుకు రావు. డబ్బా మోతకు మొదట్లో పరుగెత్తేవి. ఇప్పుడు తల ఎత్తి చూసి, మళ్ళీ తవ్వుకుంటున్నాయి.

పక్క చేను పద్మనాభయ్యన్నది. మాకు చుట్టరికం లేదు. గట్టు ఒకటే, బోరు ఒకటే, కావలి ఒకటే. ఆయన, ఆయన కొడుకు మధుబాబు, నేను, నా భార్య కామాక్షి, నలుగురం వంతులు వేసుకుని రెండు చేలూ కాసేవాళ్ళం. మా చుట్టుపక్కల తుపాకి ఉన్నది ఆయనొక్కడికే. నా లైసెన్సు విచారణకు పోలీసులు వచ్చినప్పుడు ‘ఇతను నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు, నమ్మదగినవాడు’ అని రాసి సంతకం పెట్టింది కూడా ఆయనే. ఆ సంతకంలో చివరి వత్తును తోకలాగా పొడుగ్గా లాగి, దాని కింద రెండు చుక్కలు పెడతాడు. అంత అందమైన సంతకం మా ఊళ్ళో ఇంకెవరికీ లేదు.

నెల్లూరులో తుపాకుల అంగడికి నేనూ కామాక్షీ వెళ్ళాం. భార్యను వెంటబెట్టుకుని వచ్చినవాణ్ణి అంగడాయన సుకుమార్ అంతకుముందు చూసినట్టు లేడు. కుర్చీ ముందు ఆమెకు వేశాడు. ఆమె దాన్ని జరుపుకుని నా పక్కకు వచ్చి కూర్చుంది. కామాక్షి అన్నం తినేటప్పుడు కూడా పక్కనే కూర్చుంటుంది. ఎదురుగా కూర్చుంటే మాట్లాడాలనిపిస్తుందట, నేను మాట్లాడనట, అందుకని పక్కన.

సుకుమార్ ఒంటి గొట్టం తుపాకి ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. సరికొత్తది. గొట్టం మీద నూనె తడి ఇంకా ఆరలేదు. చెక్కలో ఒకచోట ముడి ఉంది, చందువ చేప కన్నులాగా గుండ్రంగా, చుట్టూ ఎర్రటి వలయంతో. భుజానికి పెట్టి చూశాను. బరువు సరిపోయింది.

“పాతవి లేవా?” అని అడిగాను.

“లేకేం సార్. నాయనలు పోయినాక కొడుకులు తెచ్చి అప్పజెప్పినవి బోలెడు.” కింది వరుసలోంచి ఒకటి తీసి, గొట్టం కింద ఎడమచెయ్యి పట్టుకునే చోట ఉన్న చెక్కను ఒక్క గుంజు గుంజి ఊడదీశాడు. “పాత తుపాకి గుట్టంతా ఈ చెక్క కిందే. ఇక్కడ గొట్టం బాగుంటే ఇంకో ఇరవై ఏళ్ళు కాల్చుకోవచ్చు. మేం కొనేటప్పుడు ఇది విప్పకుండా కొనం. నా తమ్ముడు తెచ్చినా సరే.”

“ధర?”

“కొత్తదాంట్లో మూడో వంతుకు వస్తది.”

నేను ఆ రెంటినీ మార్చి మార్చి చూస్తున్నాను.

“కొత్తదే తీసుకుందాం” అంది కామాక్షి. “బండి పాతది కొంటిమి. ఇంజను పాతది కొంటిమి. గేదె కూడా పాతదే.”

సుకుమార్ నవ్వాడు. “గేదె పాతదేందమ్మా?”

“రెండీతలే అని చెప్పి అమ్మినాడు సార్ ఆయప్ప. ఇంటికి తెచ్చినాక పండ్లు చూస్తే అది మా అత్తతో సమానం.”

కొత్తదాన్ని శుక్రవారం దాకా ఎవరికీ ఇవ్వవద్దని చెప్పి వచ్చేశాం. బస్సులో కామాక్షి కిటికీలోంచి చూస్తూ, “దాని కన్ను బాగుంది” అంది. ఆమె కూడా ఆ ముడిని చూసిందన్నమాట.

ఆ సాయంత్రం బోరు దగ్గర పద్మనాభయ్యన్నకు చెప్పాను. ఆయన అన్నీ అడిగాడు. అంగడి ఎక్కడుంది, ఒంటి గొట్టమా, బరువెంత, ఎప్పటిదాకా ఆపుతానన్నాడు. అన్నిటికీ చెప్పాను. ఆయన కాళ్ళు కడుక్కుని, గట్టు మీద కూర్చుని, బీడీ ముట్టించాడు.

“కొత్తదెందుకురా అబ్బయా నీకు” అన్నాడు. “ఇప్పుడొచ్చే గొట్టాలు గొట్టాలా? రేకు డబ్బాలు. పది తూటాలకు వదులైపోతాయి. మా నాయన కొన్న దాన్ని చూడు. ఆ ఉక్కే వేరు.”

“నీలాంటిది ఇప్పుడు దొరకదు కదన్నా.”

“నాదే తీసుకో.”

నేను ఆయన ముఖం చూశాను.

“నాకు భుజం నొప్పి. ఎత్తలేకుండా ఉండా. మధూగాడికి దాని మీద ఆశ లేదు, వాడికి ఫోనుంటే చాలు. ఇంక తుపాకి యవ్వారం వదిలేద్దామనుకున్నా. బయటోడికి ఇచ్చే కన్నా నీ చేతిలో ఉంటే నా కండ్ల ముందరే ఉంటది కదా. రెండు చేలకూ అదే కాపలా.”

ఇంటికి వచ్చి కామాక్షికి చెప్పాను. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆపలేదు.

“కొత్తది అనుకున్నాం కదా.”

“అన్న తనది ఇస్తానన్నాడు.”

“ఇస్తానన్నాడా, అమ్ముతానన్నాడా?”

నేను ఫోను తీసి, అంగడికి చేసి, వద్దని చెప్పాను.

తుపాకి చూడ్డానికి వాళ్ళింటికి వెళ్ళిన రోజు నాకు బాగా గుర్తు. అన్న దాన్ని దుప్పటిలోంచి తీశాడు. చెక్క చేతులు తగిలి తగిలి నల్లగా నిగనిగలాడుతోంది. గొట్టాన్నీ దాని కింది చెక్కనూ కలిపి, జానెడు పొడుగున, వల అల్లే పచ్చ నైలాను దారం చుట్టి ఉంది. వరస తప్పకుండా, సందు లేకుండా, పైన వార్నీషు పూసి మరీ. “చెమటకు చెయ్యి జారకుండా చుట్టించినా” అన్నాడు.

తుపాకి నా కంటే వయసులో పెద్దది. దారం మాత్రం కొత్తది. ఆ తేడా నా కంటికి ఆనింది. సుకుమార్ ఊడదీసిన చెక్క గుర్తొచ్చింది. ఇంకోటి కూడా గుర్తొచ్చింది. రెండేళ్ళుగా అన్న తన వంతు కావలికి తుపాకి తెస్తున్నాడు గానీ, అది పేలగా నేను వినలేదు. అడిగితే తూటాలు దొరకడం లేదనేవాడు, టపాకాయలు వెలిగించి విసిరేవాడు.

దారం విప్పి చూద్దామన్నా, అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. నా గుణానికి తాను పూచీ అని సర్కారు కాగితం మీద సంతకం పెట్టిన మనిషి. ఆయన వస్తువును విప్పి చూపించమని ఏ ముఖంతో అడగాలి?

“బాగా చుట్టినారన్నా” అన్నాను.

అన్న భార్య మాలకొండమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వెళ్ళినా కాఫీ ఇవ్వకుండా పంపదు. ఆ రోజు లోపలికి వెళ్ళిపోయింది.

కాగితాల పని అన్నే తిరిగి చేయించాడు. ఏ ఆఫీసులో ఏ బల్ల దగ్గర నిలబడాలో ఆయనకు తెలుసు. ఫిబ్రవరి అయిపోయేలోపు ఆయన లైసెన్సులోంచి ఆ నంబరు తీసి, నా లైసెన్సులో ఎక్కించారు.

మార్చి మొదట్లో ఒక పొద్దున, చేనుకు తూర్పున ఇసుక దిబ్బ దగ్గర, పేల్చి చూశాం. అన్న, మధుబాబు, నేను, కామాక్షి. బయలుదేరేటప్పుడు మాలకొండమ్మ వీధిలోకి వచ్చి కామాక్షి చెయ్యి పట్టుకుంది.

“మీ ఆయన కాల్చేటప్పుడు నువ్వు పక్కన నిలబడబాకమ్మే.”

“ఏం అక్కా?”

“చెవులు పోతాయి.”

కామాక్షి నవ్వి, “ఈయనతో కాపరం చేస్తే చెవులతో పనేముందక్కా, ఒక్క మాట వినపడదు” అంది. మధుబాబు పగలబడి నవ్వాడు. మాలకొండమ్మ నవ్వలేదు.

దిబ్బకు ఇవతల నేను నిలబడ్డాను. ఎడమ పక్క మధుబాబు ఫోను పట్టుకుని వీడియో తీయడానికి సిద్ధంగా ఉన్నాడు. కుడి పక్క కామాక్షి, రెండు చెవుల్లో వేళ్ళు. తూటా పెట్టి గొట్టం మూసేసరికి అన్న దిబ్బ మీదినుంచి పిలిచాడు.

“మధూ, ఇట్రా. ఆ ఎండలో ఎందుకు?”

“ఎండేడుంది నాయనా?”

“రమ్మంటే రావేందిరా.”

సూర్యుడు అప్పటికి సరుగుడు చెట్ల నడుం కూడా దాటలేదు. మధుబాబు గొణుక్కుంటూ వెళ్ళాడు. తండ్రీ కొడుకులిద్దరూ దిబ్బకు అవతల కూర్చున్నారు. నాకు అన్న తలగుడ్డ ఒక్కటే కనిపిస్తోంది.

ఆకాశంలోకి పేల్చాను. ఆ చప్పుడుకు కాలవ మీది కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. రెండోది పేల్చాను. దారం కిందినుంచి నా ఎడమ అరచేతికి ఏదో వెచ్చగా తగిలింది. పాత తుపాకి కదా, దాని అలవాటేమో అనుకున్నాను. అన్న అప్పుడు దిగి వచ్చి వీపు మీద చరిచాడు.

“చెప్పలా నీకు? ఏం పలికింది చూడు.”

పొద్దున ఏడు గంటలకు ఆయన నుదురంతా చెమట.

ఆరు రోజులు పందులు రాలేదు.

ఆ తర్వాత ఎలక్షన్లు ప్రకటించారు. ఎలక్షన్లు వస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పాలి. ఓట్లు వేసి, లెక్కించి, అంతా సద్దుమణిగాక తిరిగి ఇస్తారు. కాయ ముదురుతున్న సమయం. అయినా తప్పదు. ఎన్నికలకూ పందులకూ ఏ సంబంధమూ లేదని ఎవరికి చెప్పేది.

“అన్నా, తోడుగా వస్తావా స్టేషన్‌కు?” అని అడిగాను. నాకు అది మొదటిసారి.

“నాకేం పనిరా స్టేషన్లో, తుపాకి లేనోడిని” అన్నాడు.

దుప్పటిలో చుట్టుకుని బస్సులో ఒక్కణ్ణే వెళ్ళాను.

స్టేషన్లో హెడ్డు కానిస్టేబులు టైటస్. కళ్ళద్దాలకు దారం కట్టుకుని మెడలో వేసుకుంటాడు. నెమ్మది మనిషి. తుపాకి మీది నంబరు చూసి రాసుకుంటూ ఆగిపోయాడు. లేచి బీరువాలోంచి ఒక పాత రిజిస్టరు తీశాడు. వేలు పెట్టి వెతికాడు. ఒకచోట వేలు ఆగింది. దాన్ని చదివి, తుపాకిని చూసి, మళ్ళీ చదివాడు.

“ఈ దారం చుట్టింది ఎవరు?”

“అమ్మినాయన, సార్.”

బ్లేడు తెచ్చి కోశాడు. పచ్చ దారం బల్ల మీద చుట్టలు చుట్టలుగా పడింది. చెక్కను గుంజి ఊడదీశాడు.

“ఇటొచ్చి చూడు.”

గొట్టం కింద, వేలెడు పొడుగున చీలిక. దాంట్లో ఇత్తడి కరిగించి పోసి అతికారు. అతుకు ఒకచోట అంచు లేచి ఉంది. ఆ లేచిన చోట లోహం కొత్తగా మెరుస్తోంది.

“ఎన్నిసార్లు కాల్చినావు?”

“రెండు.”

“పక్కన ఎవరన్నా ఉండారా?”

“నా భార్య.”

టైటస్ కళ్ళద్దాలు తీశాడు. “నీ ఎడమ చెయ్యి చూపించు.”

చూపించాను.

“ఉంది కదా. దేవుడికి చెప్పుకో” అన్నాడు.

రిజిస్టరు నా వైపు తిప్పాడు. పోయిన పంచాయతీ ఎన్నికలప్పటి పేజీ. ‘గొట్టము చీలి అతుకు వేసి ఉన్నది. కాల్చరాదని యజమానికి తెలియజేయడమైనది.’ దాని కింద సంతకం. చివరి వత్తు తోకలాగా పొడుగ్గా, దాని కింద రెండు చుక్కలు.

“మరి నాకు అమ్మేటప్పుడు కాగితాల్లో రాలేదే సార్.”

“ఆ కాగితాలు పై ఆఫీసుల్లో తిరుగుతాయి. వాళ్ళు చూసేది నంబరు. ఈ పుస్తకం ఈ బీరువా దాటదు.”

ఆయన నా తుపాకికి చీటీ కడుతుంటే నేను గోడ వైపు చూశాను. అప్పజెప్పిన తుపాకులు వరసగా నిలబెట్టి ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో చీటీ. నాలుగోది కొత్తది. చెక్కలో చందువ కన్ను, చుట్టూ ఎర్రటి వలయం.

“అది ఎవరిది సార్?”

“మీ పద్మనాభయ్యదే. నిన్న తెచ్చి ఇచ్చిపోయినాడు. ఒక లైసెన్సు మీద ఒకటే కదా. పాతది దిగితే గానీ కొత్తది ఎక్కదు. ఆ పాతదాన్ని అంగడోళ్ళు ఎవరూ...” అక్కడితో ఆగి నా ముఖం చూశాడు. “రసీదు తీసుకో అబ్బయా. జాగర్త.”

బస్సు దిగి ఇంటికి పోలేదు. ఇసుక దిబ్బ దగ్గరికి వెళ్ళాను. గాలికి ఆ రోజు అడుగులన్నీ పూడిపోయాయి. నేను నిలబడిన చోటు మాత్రం తెలుసు, అక్కడ కొట్టేసిన తాటిచెట్టు మొట్టు ఉంది. అక్కడినుంచి దిబ్బ దాకా అడుగులు వేశాను. ఇరవై రెండు.

ఎండలో ఎందుకు అన్నాడు. ఒక్క మధూనే పిలిచాడు.

ఇంటికి పోయేసరికి కామాక్షి పొయ్యి దగ్గర ఉంది.

“ఇచ్చేసినావా?”

“ఇచ్చేసినా.”

“ఏమన్నారు?”

“ఏమంటారు. రసీదు ఇచ్చినారు.”

పళ్ళెం పెట్టి పక్కన కూర్చుంది. తిన్నాను. కాయ ఇంకా మూడు వారాలు భూమిలో ఉండాలి. రెండు చేలకు నలుగురు మనుషులు కావాలి. ఇప్పుడు నోరు తెరిస్తే గట్టు మధ్యలో గోడ లేస్తుంది, ఇద్దరం రెండెకరాల చొప్పున పందులకు వదిలేసినట్టే. అలా అనుకుని ఊరుకున్నాను. అది నిజమే. అదొక్కటే నిజం కాదని కూడా అప్పుడే తెలుసు. నన్ను ఒకడు అంత తేలిగ్గా మోసం చేశాడని ఆమెకు చెప్పాలంటే నాకు సిగ్గేసింది.

ఆ మూడు వారాలూ పందులు మమ్మల్ని బతకనివ్వలేదు. సందకాడ మొదలైతే తెల్లారేదాకా డబ్బాలు, టపాకాయలు, టైర్లు తగలబెట్టడం. రోడ్డు మీద ప్రచారం జీపుల మైకులు మోగినన్నాళ్ళు ఆ మోతకు కొంత నయం. మధుబాబు ఒకసారి జీపు ఆపి, “అన్నా, మా చేలో కూడా ఒక అరగంట ప్రచారం చెయ్యండి, ఇక్కడ చానా మంది ఉండారు” అన్నాడు. వాళ్ళకు అర్థం కాలేదు.

అన్న ఎప్పటిలాగే నా పక్కన గట్టు మీద కూర్చునేవాడు. కామాక్షి పంపిన చేపల పులుసు వేళ్ళు నాక్కుంటూ తినేవాడు.

“నీ తుపాకి ఉంటే ఒక్క దెబ్బకు పోయేటియిరా” అన్నాడు ఒక సాయంత్రం.

“అవునన్నా.”

“ఎలక్షన్లు అయినాక తెచ్చుకో. బాగా నూనె పెట్టు.”

“సరేన్నా.”

ఆయన ముఖంలో ఏమైనా కదులుతుందేమోనని చూశాను. పొద్దువాలుతున్న వెలుతురు ఉంది. బాగానే కనిపిస్తోంది. ఏమీ కదల్లేదు. బొంత చేప ముల్లు తీసి పక్కన పెట్టి, “మీ ఆడమనిషి చెయ్యి మంచిదిరా” అన్నాడు.

పంట పీకేసరికి మూడోవంతు పోయింది. ఆయనదీ అంతే పోయింది.

ఓట్లు లెక్కించిన పది రోజులకు తుపాకులు తీసుకుపొమ్మని కబురు వచ్చింది. నా దాన్ని ఇవ్వడానికి టైటస్ ఒప్పుకోలేదు. నెల్లూరు పంపి నలగ్గొట్టిస్తానన్నాడు. వారం గడువు అడిగాను. కాల్చనని రాసి సంతకం పెట్టించుకుని ఇచ్చాడు. “ఎందుకయ్యా నీకిది?” అన్నాడు. అన్న ముందర, ఆయన అరుగు మీద, చెక్క విప్పి పెట్టి రావాలనుకున్నాను. ఏమీ అనకుండా.

తుపాకిని గోనెలో పెట్టుకుని బయలుదేరాను గానీ, అరుగు దాకా పోనక్కర లేకపోయింది. తండ్రీ కొడుకులు దిబ్బ దగ్గర కంచె వేస్తున్నారు. అన్న దిబ్బ మీద కూర్చుని కంప కొడుతున్నాడు. మధుబాబు ఇవతల, తాటి మొట్టు పక్కన గుంత తీస్తున్నాడు.

“చిన్నాయనా, వచ్చిందా?” గునపం పడేసి వచ్చి గోనెలోంచి తుపాకి లాక్కున్నాడు. “దారమేది?”

“స్టేషన్లో విప్పినారు.”

“ఇట్నే బాగుండాది.” భుజానికి ఎత్తాడు. ఎడమ చెయ్యి సరిగ్గా ఆ చెక్క కింద పెట్టి సరుగుడు కొమ్మలకు గురి చూశాడు. “ఒకటి పేల్చనా చిన్నాయనా?”

తుపాకిలో తూటా లేదని నాకు తెలుసు. ఆ మాట చెప్పడానికి రెండు క్షణాలు చాలు. చెప్పలేదు.

“మధూ.”

కేక కాదు. గొంతులో ఏదో తెగినట్టు వచ్చింది. అన్న కత్తి వదిలేసి దిబ్బ మీదినుంచి పరుగెత్తి వస్తున్నాడు. భుజం నొప్పి మనిషి. ఒక చెప్పు ఇసుకలో ఇరుక్కుపోయింది, ఆగలేదు. వచ్చి కొడుకు చేతుల్లోంచి తుపాకి గుంజుకున్నాడు.

“బుద్ధుందా నీకు? అది...”

ఆగిపోయాడు. ఆయన ఎడమ చెయ్యి గొట్టం మీద, దారం ఉండే చోట పడింది. కాలినట్టు ఆ చెయ్యి తీసేశాడు.

“తూటా లేదన్నా” అన్నాను.

“అది ఏంది నాయనా?” అన్నాడు మధుబాబు.

సముద్రం హోరు వినిపిస్తోంది. నేను దిబ్బ మొదట్లో పడి ఉన్న చెప్పును చూస్తున్నాను. ఇరవై రెండు అడుగులు. ఎంతసేపట్లో వచ్చాడు.

“చంద్రమౌళీ” అన్నాడు అన్న. ఊపిరి అందడం లేదు. “అతుకు గట్టిదేరా. గట్టిగా వేయించినా. ఏం కాదనే...”

“అందుకే దిబ్బ ఎనక కూచున్నావు” అన్నాను.

మధుబాబు నన్ను చూశాడు, తండ్రిని చూశాడు. ఆ పొద్దున తనను పిలిచిన పిలుపు వాడికి అప్పుడు వినపడినట్టుంది. “చిన్నమ్మ ఈడనే నిలబడింది కదా” అన్నాడు, నాతో కాదు, ఎవరితోనూ కాదు. గునపం తీసుకోకుండా ఊరి వైపు నడిచి వెళ్ళిపోయాడు. నేను తుపాకి తీసుకుని గోనెలో పెట్టుకున్నాను. అన్న ఒక చెప్పుతో అక్కడే నిలబడి ఉన్నాడు.

ఇంట్లో గోనె గోడకు ఆనించి కామాక్షికి చూపించాను. చెక్క విప్పి, చీలిక, ఇత్తడి, లేచిన అంచు. రిజిస్టరులో సంతకం సంగతి చెప్పాను. చందువ కన్ను తుపాకి ఎవరింట్లో ఉందో చెప్పాను. ఆమె ఆ చీలిక మీద వేలు పెట్టి రాసింది.

“మాలకొండక్క చెప్పింది నాకు” అంది. “నేనే నవ్వులాటకు తీసుకున్నా.” వేలు తీసి నా వైపు తిరిగింది. “ఇది నీకు ఈ పొద్దు తెలిసిందా?”

“లేదు.”

“ఎప్పుడు?”

“అప్పజెప్పను పోయినప్పుడు.”

“మార్చిలో.”

“ఊ.”

ఆమె వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టలేదు. “ఆయప్పకు పులుసు ఎన్నిసార్లు పంపినానో. గట్టు మీదికి నేనే తెచ్చి ఇస్తిని. నువ్వు చూస్తా కూచున్నావు.”

“పంట ఉండింది.”

“పంట నాది కాదా?”

తుపాకిని మర్నాడు టైటస్‌కు ఇచ్చేసి వచ్చాను. లైసెన్సు ఇంకా ట్రంకు పెట్టెలో ఉంది. కొత్తదీ కొనలేదు, పాతదీ కొనలేదు.

ఆ చీలిక చూపించిన రాత్రి మాత్రం కామాక్షి దీపం పెట్టి, అన్నం వార్చి, పళ్ళెం నా ముందు పెట్టింది. పీట తీసుకుంది. నేను అలవాటుగా పక్కకు జరిగి చోటిచ్చాను. ఆమె పీటను ఎదురుగా వేసుకుని కూర్చుంది.

“ఆయన పరాయోడు” అంది, నా కళ్ళలోకి చూస్తూ. “నీ సంగతి చెప్పు.”